ఉండవల్లి ప్రయాణం: కోదాడ దాకా ఒక లెక్క, ఆ తర్వాత ఒక లెక్క

నందికొండ: ఇక్కడి నుంచి ఉండవల్లి గుహాలయాలకు వెళ్లి అదే రోజు ఇల్లు చేరాలనుకునే కుటుంబాలకు దూరం కన్నా రాష్ట్ర సరిహద్దే పెద్ద లెక్క అయింది.

2014లో రాష్ట్రం విడిపోయాక సాగర్ డ్యాం దాటితే ఆంధ్రప్రదేశ్. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. అయితే అది సరిహద్దు దాకానే. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న మొదలైన ఉచిత ప్రయాణం అక్కడి మహిళలకే. నందికొండ చిరునామా ఉన్న ఆధార్ చూపితే కండక్టర్ టికెట్ కొట్టక మానడు.

అందుచేత ఖర్చు దారిని బట్టి ఉంటుంది. మాచర్ల, గుంటూరు మీదుగా వెళితే డ్యాం దాటిన దగ్గర నుంచే ఛార్జీ. మిర్యాలగూడ మీదుగా వెళితే దాదాపు సగం దారి, కోదాడ వరకు, ఆడవాళ్లకు పైసా ఖర్చు లేదు. అత్త, కోడలు, ఇద్దరు ఆడపిల్లలు కదిలే ఇంటికి ఇది చిన్న మాట కాదు. కాకపోతే బస్సులు మారాలి. పోనూ రానూ నాలుగు వందల కిలోమీటర్లకు దగ్గర. తొలి బస్సు తప్పితే ఆ రోజుకు ప్రయాణం మానుకోవడమే మేలు. పదిమంది కలిసి బండి మాట్లాడుకుంటే పక్క రాష్ట్రం పర్మిట్ ఉందో లేదో ముందే అడగాలి.

విజయవాడలో దిగి, ఆటోలో ప్రకాశం బ్యారేజీ దాటితే ఉండవల్లి. కొండను తొలిచి నాలుగంతస్తులుగా మలిచారు. లోపల పడుకుని ఉన్న అనంత పద్మనాభ స్వామి విగ్రహం ఒకే రాయి. మెట్లు ఎక్కలేని ముసలివాళ్లు కింది అంతస్తు చూసి కూర్చోవచ్చు. 15 ఏళ్ల లోపు పిల్లలకు ప్రవేశ రుసుము లేదు.

నందికొండ వారు ఈ గుహలు చూడవలసిన కారణం మరొకటి ఉంది. కృష్ణ ఒడ్డున ఇటుకతో కట్టిన ఇక్ష్వాకుల నాటి దేవాలయాలు 1954-60 తవ్వకాల్లో బయటపడ్డాయి. కొన్ని కట్టడాలను నాగార్జునకొండ పైకి తరలించారు గాని, ఆ లోయ సాగర్ నీటి కింద పోయింది. ఉండవల్లిలో మాత్రం కొండా, గుడీ ఒకటే కనుక ఉన్నచోటనే ఉంది.

కార్తీక మాసం ఆదివారాల్లోనైనా రెండు ఆర్టీసీలు కలిసి ఇక్కడి నుంచి నేరుగా ఒక బస్సు నడిపితే ఈ తంటా సగం తగ్గుతుంది. అంతవరకు కోదాడలో, మిర్యాలగూడలో తిరుగు ప్రయాణానికి ఆఖరి బస్సు ఎప్పుడో వెళ్లేటప్పుడే అడిగి పెట్టుకోవాలి.