ఎండకు కొలతకూలి తోడైతే

2015 మే నెల వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో ఫ్యాను కింద కూర్చున్న ఆసాములెందరు? "ఎండన పడకండి" అంటారు. పడకపోతే మన పొయ్యిలో పిల్లి లేవదు. డెల్టా గాలిలో చెమ్మకి చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. సరిగ్గా అప్పుడే కాలువలు కట్టేస్తారు, తాగేనీటికీ కటకటే. పైగా కొలతకూలి; నీడకి కూర్చుంటే కూలి తెగుతుంది. పనిచోట నీడ, మంచినీళ్ళు, మందులపెట్టె ఉండాలని 2005 ఉపాధి చట్టమే రాసింది. ఎన్ని గట్లమీద చూశాం? కోతైనా మట్టిపనైనా తెల్లారగట్ల దిగి పదిగంటలకి గట్టెక్కుదాం. కూలి తగ్గించకూడదని దిగేముందే అందరం కలిసి చెప్పాలి.

ఉప్పేసిన గంజో మజ్జిగో వెంట ఉంచుకోండి. మాట తడబడి ఒళ్ళు కాలిపోతుంటే నీడకి చేర్చి, తడిపి, విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు పోయొద్దు. వెంటనే 108కి ఫోను కొట్టండి.