గొయ్యి చదివిన మనిషి

భూగర్భ శాస్త్రవేత్త యూజీన్ షూమేకర్ పేరు ఎక్కడ కనబడినా వెంట ఒకటే కథ వస్తుంది: చితాభస్మం చంద్రుడి మీదికి చేరిన మనిషి అని. కథ నిజమే. 1998 జనవరిలో బయల్దేరిన లూనార్ ప్రాస్పెక్టర్ నౌకలో ఆయన అస్థికలు చిటికెడు పెట్టి పంపారు. 1999 జూలై 31న ఆ నౌకను చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర కావాలనే కూల్చారు. అస్థికలు గోదావరిలో కలిపే వాళ్లం కనుక ఇలాంటిది వింటే మనకు మనసు కరుగుతుంది. నా పేచీ అల్లా, ఆ బూడిద ఆయన చేసిన పనిని కప్పేస్తోందని.

ఆ పని ఒక గొయ్యి దగ్గర మొదలైంది. అరిజోనా ఎడారిలో కిలోమీటరు పైచిలుకు వెడల్పు, 170 మీటర్ల లోతు ఉన్న గొయ్యి. 1890ల్లో గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అక్కడికి వచ్చి, కొలతలు వేసుకుని, భూమి లోపలి ఆవిరి పేలి ఇది ఏర్పడిందని తేల్చారు. అమెరికా భూగర్భ శాస్త్రంలో ఆయన మాటకు అప్పట్లో తిరుగులేదు. తమాషా ఏమిటంటే, చంద్రుడి మీది గుంటలు మాత్రం పైనుంచి ఏవో వచ్చి గుద్దుకోవడం వల్లే పడ్డాయని అదే గిల్బర్ట్ సరిగ్గా పోల్చుకున్నారు. ఆకాశంలో ఉన్నది కనబడింది, కాళ్ల దగ్గరున్నది కనబడలేదు! తర్వాత డేనియల్ బారింజర్ అనే గనుల ఇంజనీరు వచ్చారు. ఇది ఉల్క చేసిన గొయ్యేనని, ఆ ఇనుమంతా అడుగునే ఉందని నమ్మి 1903 నుంచి పాతికేళ్లు తవ్వించారు. ఆస్తి కరిగింది, ఇనుము దొరకలేదు. ఆ వేగంతో వచ్చి పడ్డ ఉల్కలో చాలా భాగం అక్కడికక్కడే ఆవిరైపోతుందని లెక్కలు తేలే నాటికి ఆయన చివరి రోజుల్లో ఉన్నారు. 1929లో కన్నుమూశారు.

షూమేకర్ అక్కడికి వచ్చింది 1950ల్లో. అమెరికా భూగర్భ సర్వేలో చేరి యురేనియం కోసం కొండలూ లోయలూ తిరిగిన కుర్రవాడు. నెవాడాలో అణుబాంబులు పేల్చిన చోట పడ్డ గుంటలను కూడా చూసి వచ్చాడు. సుత్తి పట్టుకుని అరిజోనా గొయ్యి అంచంతా నడిచి పటం గీస్తే, రాతి పొరలు అట్టు తిరగేసినట్టు తలకిందులుగా పడి ఉన్నాయి. అడుగున ఉండాల్సినది పైన, పైన ఉండాల్సినది కింద. నెవాడా గుంటల అంచుల్లోనూ అదే తీరు. 1960లో ఎడ్వర్డ్ చావో, బెత్ మాడ్సెన్‌లతో కలిసి అసలు సాక్ష్యం బయటపెట్టారు. ఆ గొయ్యి ఇసుకరాతిలో కోయసైట్ ఉంది. ఇసుకలో ఉండే క్వార్ట్జే ఇరవై వేల రెట్ల వాతావరణ పీడనానికి పైన నలిగితే కోయసైట్ అవుతుంది. నేల పైభాగంలో ఏ అగ్నిపర్వతమూ అంత ఒత్తిడి తేలేదు.

ఆ తర్వాత జర్మనీలో నోర్డ్‌లింగెన్. ఊరు ఊరంతా సుమారు 24 కిలోమీటర్ల వెడల్పున్న పాత గుంటలో ఉంది. అదీ అగ్నిపర్వతం పనే అనుకునేవారు. అక్కడి రాళ్లలోనూ కోయసైట్ దొరికింది. ఆ ఊరి చర్చి కట్టిందే ఉల్క దెబ్బకు కరిగి, నలిగి, కలగలిసిపోయిన రాయితో. ఎన్ని తరాలు ఆ గోడ పక్కన మోకరిల్లి ఉంటాయో! మన పక్కనే మహారాష్ట్రలో, దక్కను నల్లరాతిలో పడ్డ లోణార్ గుంటనూ చాలాకాలం అగ్నిపర్వతం ఖాతాలోనే రాసుకున్నారు.

చంద్రుడి మీదా ఆయన చేసింది అదే పని. కోపర్నికస్ బిలం చుట్టూ ఏ పొర మీద ఏ పొర పడిందో చూసి, ఒక్క రాయి ముట్టకుండానే ఏది ముందో ఏది వెనకో వరస కట్టారు. వ్యోమగామిగా అక్కడికి వెళ్లాలని ఇరవయ్యో ఏటి నుంచే కోరిక. 1963లో అడ్రినల్ గ్రంథుల జబ్బు బయటపడి ఆ దారి మూసుకుపోయింది. వెళ్లేవాళ్లను అరిజోనా గొయ్యిలోకి దింపి రాళ్లు చూడటం నేర్పారు. 1972లో చంద్రుడి మీద దిగిన భూగర్భ శాస్త్రవేత్త హారిసన్ ష్మిట్ ఒకప్పుడు ఆయన దగ్గర పనిచేసినవాడే. అలాగని నాసాకు భజన చేయలేదు. అపోలోలో సైన్సుకు దక్కిన చోటు చాలదని బాహాటంగానే విమర్శించారు. నాకు ఆయన నచ్చేది ఇక్కడే.

భార్య కరొలిన్ సంగతి చెప్పకపోతే అన్యాయం. పిల్లలు పెద్దవాళ్లయ్యాక, యాభై దాటాక ఆమె ఫిల్ముల్లో చుక్కలు వెతకడం మొదలుపెట్టి 32 తోకచుక్కలు పట్టుకున్నారు. 1993 మార్చిలో ఈ దంపతులు, డేవిడ్ లెవీ కలిసి పాలోమార్‌లో తీసిన ఫిల్ములో సాగదీసినట్టున్న వింత ఆకారాన్ని మొదట గమనించింది ఆమె కళ్లే. ముక్కలైన ఆ తోకచుక్క 1994 జూలైలో వరసగా గురుగ్రహం మీద పడింది. కొన్ని మచ్చలు భూమి కంటే వెడల్పు. గుంటలు చూసి ఎప్పుడో జరిగిందాన్ని ఊహించిన మనిషి, జరుగుతుండగా చూశారు.

ఏటా ఇద్దరూ ఆస్ట్రేలియా వెళ్లి పాత ఉల్కా గుంటల పటాలు గీసేవారు. 1997 జూలై 18న ఆలిస్ స్ప్రింగ్స్‌కు ఎగువన ఒక మట్టిరోడ్డు మీద ఎదురుగా వచ్చిన బండి గుద్దుకుని షూమేకర్ పోయారు. గాయాలతో బతికి బయటపడ్డ కరొలిన్, కోలుకున్నాక మళ్లీ ఆకాశం వెతికే పనిలో కూర్చున్నారు.

— బాటసారి