భయానక సంగీతం - ఒక రసదృష్టి

సంగీతం చెవికి ఇంపుగా, మనసుకు హాయిగా ఉండవలెనన్న అభిప్రాయం మనలో బలంగా పాతుకొని ఉన్నది. అందువల్లనే చీకటి కథల చలనచిత్రాలలో వినవచ్చే వింత ధ్వనులను, గగుర్పాటు కలిగించే స్వరాలను వట్టి రొద అని తోసిపుచ్చడం విద్యావంతులలో సైతం పరిపాటి అయినది. ఈ తీర్పు సమంజసం కాదని నా అభిప్రాయం. పెద్ద స్టూడియోల అండ లేకుండా, స్వల్ప ధనంతో, స్వతంత్రంగా నిర్మించిన కొన్ని చిత్రాలలోని భయానక సంగీతం శ్రద్ధగా వినదగిన కళ. అంతేకాదు, అది మన అభిరుచికి ఒక పరీక్ష కూడా.

భయాన్ని ఆస్వాదించడమేమిటని కొందరు ప్రశ్నించవచ్చును. దీనికి మన అలంకారశాస్త్రం ఏనాడో సమాధానం చెప్పింది. భరతముని పేర్కొన్న ఎనిమిది రసాలలో శృంగార కరుణల సరసనే భయానకానికీ స్థానమున్నది. అభినవగుప్తుడు రసానుభవాన్ని వివరిస్తూ ఉదాహరణగా తీసుకొన్నది శాకుంతలంలో దుష్యంతుని బాణానికి బెదరి పరుగెత్తే లేడిని. అక్కడ మనం అనుభవించే భయం ఆ లేడిది కాదు, మనదీ కాదు. వ్యక్తులతో నిమిత్తం లేని శుద్ధమైన భయం. దారిలో పాము ఎదురైతే పారిపోతాము. కళలో అదే భయాన్ని నిలబడి చూడగలుగుతాము. ఆ నిలబడి చూడగలగడమే ఆస్వాదన.

ఇక ఉదాహరణలకు వద్దాము. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణంలో విద్యావిషయక, పారిశ్రామిక లఘుచిత్రాలు తీసే హెర్క్ హార్వే 1962లో "కార్నివాల్ ఆఫ్ సోల్స్" అనే చిత్రానికి దర్శకత్వం వహించాడు. అది ఆయన తీసిన ఏకైక కథాచిత్రం. వ్యయం సుమారు 33 వేల డాలర్లు మాత్రమే. జీన్ మూర్ కూర్చిన సంగీతానికి ఆధారం ఆర్గన్ వాద్యం. కథానాయిక కూడా చర్చిలో ఆర్గన్ వాయించే యువతియే. ఒకనాడు సాధన చేస్తుండగా ఆమె వేళ్లు అదుపు తప్పుతాయి. ప్రార్థనా స్వరాలు వికృతనాదంగా మారిపోతాయి. అది విన్న చర్చి గురువు ఆమెను కొలువు నుండి తొలగిస్తాడు. ప్రార్థనకు అంకితమైన వాద్యమే భయానికి నోరైనది. ఆ నాదం ఆమె వాయించేదో, ఆమెను వెన్నాడేదో ప్రేక్షకునికి తెలియదు. ఆ సందిగ్ధమే కథకు ప్రాణం. ఇది వందమంది వాద్యకారులతో సాధించగలిగేది కాదు.

1978లో జాన్ కార్పెంటర్ "హాలోవీన్" చిత్రాన్ని సుమారు 3 లక్షల 25 వేల డాలర్లతో తీసి, సంగీతాన్ని తానే సమకూర్చుకొన్నాడు. సంగీతం చేర్చకముందు చిత్రం చూసిన ఒక స్టూడియో అధికారిణికి ఏమాత్రం భయం కలగలేదని ఆయనే చెప్పుకొన్నాడు. ఆ తరువాత పియానో మీద పలికిన చిన్న స్వరమాల ఒకటి చిత్రాన్ని మార్చివేసింది. దాని నడక ఐదు మాత్రలది. సంగీతాచార్యుడైన తండ్రి చిన్ననాడు బోంగో డోలు మీద నేర్పిన లయ అది. ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. ఐదు మాత్రల ఖండచాపు కర్ణాటక సంగీత శ్రోతలకు చిరపరిచితమే. దానిలో వారికి భయమేమీ కనిపించదు. నాలుగు మాత్రల నడకకు అలవాటుపడిన పాశ్చాత్య శ్రోతకు మాత్రం కాలి క్రింద మెట్టు ఒకటి జారినట్లవుతుంది. కాబట్టి భయం స్వరంలోనో తాళంలోనో లేదు. మనం ఎదురుచూసినది రాకపోవడంలో ఉన్నది.

జోనథన్ గ్లేజర్ 2013లో తీసిన "అండర్ ది స్కిన్" చిత్రానికి మైకా లెవీ సమకూర్చిన సంగీతం మరొక మెట్టు. స్కాట్లాండ్ వీధులలో స్త్రీరూపంలో తిరుగుతూ పురుషులను వలలో వేసుకొనే అన్యగ్రహజీవి కథ అది. వయోలా తీగలు గీచినట్లుగా, ఊపిరి ఆడనట్లుగా పలుకుతూ ఉంటాయి. ఆ జీవిలో మానవసహజమైన స్పందన మొలకెత్తేసరికి సంగీతం కూడా మెత్తబడుతుంది. సంభాషణలు మిక్కిలి తక్కువైన ఆ చిత్రంలో మనోభావాన్ని మనకు తెలిపేది చాలావరకు ఆ తీగలే.

ఇట్టి ధ్వనికి దయ్యాల కథే అవసరమని భావింపనక్కరలేదు. మన దేశంలోనే ఋత్విక్ ఘటక్ 1960లో తీసిన "మేఘే ఢాకా తారా" అనే బెంగాలీ చిత్రాన్ని తలచుకోండి. దేశవిభజనతో నిర్వాసితమైన కుటుంబాన్ని తన రెక్కల కష్టంతో పోషించే నీత, అన్నతో కలిసి రవీంద్రుని గీతం పాడుతుంది. ఆ గానం మీద ఉన్నట్లుండి కొరడా దెబ్బల ధ్వని వినిపిస్తుంది. ఆ గదిలో కొరడా లేదు, కొట్టేవాడూ లేడు. అయినా ఆమె జీవితమంతా ఆ దెబ్బలలో వినిపిస్తుంది.

భయం పేరిట వచ్చే ప్రతి ధ్వనీ గొప్పదని నేననడం లేదు. నిశ్శబ్దంలో హఠాత్తుగా ఒక పెద్ద చప్పుడు చేసి ఉలికిపడేటట్లు చేయడం తలుపు చాటున దాగి అరిచే పిల్లవాని పని. దానిలో రసం లేదు. అలాగే మన వ్యాపార చిత్రాలలో పలుచోట్ల నేపథ్య సంగీతం ప్రేక్షకునికి ఆజ్ఞలు జారీ చేస్తూ ఉంటుంది. ఇక్కడ ఏడువుమని వయొలిన్లు, ఇక్కడ చప్పట్లు కొట్టుమని డోళ్లు. ఆ ఆజ్ఞలకు అలవాటుపడిన చెవి క్రమంగా స్వతంత్రంగా వినడం మరచిపోతుంది. పైన పేర్కొన్న సంగీతం అట్టి ఆజ్ఞ ఇవ్వదు. ఏమనుకోవలెనో చెప్పక మనలను చీకటిలో ఒంటరిగా నిలుపుతుంది. అదే దాని కాఠిన్యం, అదే దాని మర్యాద కూడా.

విద్యార్థులు ఈ చిత్రాలలో ఒకదానినైనా ఎంచుకొని, అందులోని ఒక ఘట్టాన్ని కన్నులు మూసుకొని వినవలెనని నా కోరిక. ఇంపైన నాదాన్నే వినగోరే వానికి లోకంలో సగమే వినిపిస్తుంది. కొరడా కనిపించని ఇండ్లు మన చుట్టూ ఎన్నో ఉన్నవి. వాటిలోని దెబ్బలను ఆలకించే చెవి మనకు కావలెను. అట్టి చెవిని ఇవ్వగల కళను రొద అని త్రోసివేయడం మనకే నష్టం.