పలక మోతకు ఒక వేదిక

సత్యవేడుకు తిరుపతి కన్నా చెన్నై దగ్గర. 1960 ఏప్రిల్ 1 దాకా ఈ నేల చెంగల్పట్టు జిల్లాలోదే. మధ్యవర్తి పటాస్కర్ చేసిన హద్దుల పంపకంలో పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల పల్లెలు కొన్ని ఆంధ్రకు వచ్చాయి, తిరుత్తణి మద్రాసుకు పోయింది. గీత మారింది గానీ చావింటి ముందర, గంగమ్మ జాతరలో మోగే పలక, అంటే డప్పు, రెండు పక్కలా ఒకటే. తమిళ పక్క దాన్ని పరై అంటారు. దాన్ని కొట్టే మనుషులను ఊరు వెలుపల నిలబెట్టడంలోనూ రెండు పక్కలా తేడా లేదు.

ఆ పరై 2018 జనవరి 6న చెన్నై కీల్పాక్‌లో ఒక బడి మైదానంలో వేదికెక్కింది. సినీ దర్శకుడు పా. రంజిత్ చొరవతో, సంగీతకారుడు టెన్మా కూర్చిన ‘ది కాస్ట్‌లెస్ కలెక్టివ్’ బృందం తొలి కచేరీ అది. మొత్తం 19 మంది, సూట్లు తొడుక్కుని వచ్చారు. బృందం పేరుకు మూలం అయోతీదాస పండితర్ వందేళ్ళ కిందట చెప్పిన ‘కులం లేని తమిళులు’ అన్న మాట. అది మార్గళి, చెన్నై సభలకు సంగీతోత్సవాల నెల. ఆ సభల్లో మన తెలుగు కీర్తనకు పెద్దపీట ఉంది. మన పలకకు తోబుట్టువైన పరైకి మాత్రం, ఒక సినిమా మనిషి పూనుకుంటే గానీ మైకు దొరకలేదు.

ఆ మోత ఎట్లుంటుందో చెప్పాలి. ఉత్తర చెన్నైలో చావింట రాత్రంతా పాడే గానా పాట దానికి వెన్నెముక. ర్యాప్, ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్స్ దానికి తోడయ్యాయి. సినిమా పాటలో పరై కాసేపు మోగి పక్కకు తప్పుకుంటుంది. ఇక్కడ గిటారే పరై కోసం ఆగుతుంది. మగవాళ్ళ పాటగా చలామణీ అవుతూ వచ్చిన గానాను బృందంలోని ఇసైవాణి ఎత్తుకుంది. 2020లో బీబీసీ 100 మంది మహిళల జాబితాలో ఆమె పేరు చేరింది. రిజర్వేషన్ల మీద, గొడ్డుమాంసం మీద, అంబేడ్కర్ మీద పాటలు కట్టారు. అవి ఉపన్యాసాలు కావు, జనం ఎగిరి ఆడే పాటలు. కోపమూ కులాసా ఒకే దెబ్బలో కుదరడమే ఆ బృందం సాధించిన పెద్ద సంగతి అని మా నమ్మకం. అందులో ర్యాప్ పాడిన అరివు 2021లో ‘ఎంజాయ్ ఎంజామి’తో దేశమంతా తెలిశాడు. మరుసటేడు చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ప్రారంభ వేదిక మీద ఆ పాట అతను లేకుండానే మోగింది. అది ఎవరి పాట అన్న వాదం రేగింది.

మోతను పాటగా ఒప్పుకోవడం లోకానికి కొత్త కాదు. స్కాట్లాండులోని ఈస్ట్ కిల్‌బ్రైడ్‌కు చెందిన రీడ్ సోదరుల బృందం ‘ది జీసస్ అండ్ మేరీ చైన్’ 1985లో ‘సైకోక్యాండీ’ ఆల్బం తెచ్చింది. పైన గిటారు చెవులు చిల్లులు పడేలా గీపెడుతుంటే, అడుగున ఎవరైనా కూనిరాగం తీయగల తీపి వరస. ఆ బృందంలో బాబీ గిలెస్పీ నిలబడి రెండంటే రెండే డ్రమ్ములు కొట్టేవాడు. అప్పట్లో వాళ్ళ కచేరీలు కొన్ని రభసలో ముగిశాయి. ఇప్పుడు ఆ ఆల్బం ఊసెత్తకుండా ఆ కాలపు రాక్ సంగీతం గురించి ఎవరూ రాయరు.

తెలుగులోనూ డప్పు ఊరికే కూర్చోలేదు. జననాట్యమండలి, గద్దర్ దాన్ని ఊరూరా మోగించారు. 1994 నుంచి మాదిగ దండోరాకు అదే జెండా. హైదరాబాదులో చౌరస్తా బృందం జానపదానికి రెగే కలిపి ‘ఊరెళ్ళిపోతా మామ’ పాడితే కుర్రకారు ఎగబడ్డారు. ఆ గొంతు రామ్ మిరియాలది; ‘డీజే టిల్లు’ నాటికి సినిమాకు చేరింది. చేరడం తప్పు కాదు. సినిమా తప్ప ఇంకో చోటు లేకపోవడం మన లోటు.

సత్యవేడు, నాగలాపురం పల్లెల్లో పలక కొట్టేవాళ్ళ పక్కన కాసేపు నిలబడి చూడండి. వరిగడ్డి ముట్టించి పలకను సెగ మీద తిప్పుతూ కాస్తారు. మధ్యమధ్య వేలితో తట్టి, చెవి ఒగ్గి వింటారు. తోలు బిగిసి కంగుమన్నాక, పక్కవాడి పలకతో కలిసిందో లేదో చూసుకుని లేస్తారు. ఒక చేతిలో కురచ కర్ర, ఇంకో చేతిలో సన్నటి పొడుగు పుల్ల. చావుకు ఒక దెబ్బ, జాతరకు ఒక దెబ్బ. చినుకు పడితే మళ్ళీ మంట. వీణకు బిరడా తిప్పితే శ్రుతి చేయడం అంటాం. ఇదీ శ్రుతి చేయడమే.

ఇప్పుడు జాతరల్లోకి డీజే బాక్సులు వచ్చేశాయి. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు షిఫ్టుల్లో పోయే పిల్లలకు తాతల దెబ్బలు నేర్చుకునే తీరిక చిక్కడం కష్టం. ప్రభుత్వం డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది, మంచి పని. కానీ అది ముసలితనానికి ఆసరా. వయసులో ఉన్నవాడికి కావలసింది వేదిక, మైకు, తగిన పారితోషికం. డోలు, నాదస్వరం నేర్పే తిరుపతిలో పలకకూ ఒక తరగతి కావాలి. గిటారు నేర్చిన పిల్లలు పలక కొట్టేవాళ్ళ వాకిట కూర్చోవాలి.

పాఠకులకు ఒక మనవి. మీ ఊళ్ళో పలక కొట్టేవాళ్ళను అడిగి, వాళ్ళు సరేనంటే ఆ దెబ్బలను రికార్డు చేయండి. ఏ దెబ్బ ఎప్పుడు, ఎందుకు కొడతారో వాళ్ళ మాటల్లోనే రాసి మాకు పంపండి. వాళ్ళ పేర్లతోనే అచ్చేస్తాం.