మారింది ఇంటిపేరే

మొక్కల శాస్త్రీయ నామాలు ఎప్పుడూ మారుతూనే ఉంటాయి కాబట్టి వర్గీకరణను నమ్ముకోలేమని అనేవాళ్లున్నారు. మన కోస్తాలో నమోదైన ఒక ఆర్కిడ్ చరిత్ర చూస్తే ఆ వాదన నిలవదు. సామర్లకోటలో మొక్కలను పరిశోధించిన విలియం రాక్స్‌బర్గ్, చెట్ల కొమ్మల మీద పెరిగే ఈ మొక్కను 1795లో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో బొమ్మతో సహా ప్రకటించారు. పూరేకుల మీద గోధుమరంగు గళ్లు ఉంటాయి గనుక ఎపిడెండ్రం టెస్సెల్లాటం అన్నారు. 1820లో రాబర్ట్ బ్రౌన్ దీన్ని వాండా ప్రజాతిలో చేర్చి, రాక్స్‌బర్గ్ పేరే పెట్టారు. కానీ జాతికి ముందు పెట్టిన పేరే చెల్లాలన్నది నియమం. అందుకే అది నేటికీ వాండా టెస్సెల్లాటా. మన పేర్లలో లాగే ముందుండేది ఇంటిపేరు, మారింది అదొక్కటే. ఎపిడెండ్రంలు అమెరికా ఖండాల మొక్కలని తేలాక మన మొక్కను అక్కడే ఉంచితే తప్పయ్యేది. దక్షిణ భారతం, శ్రీలంకల్లో పసుపు పూలు పూసే వాండా స్పాథులాటాను 1992లో తాప్రోబేనియాగా వేరుచేయడమూ అలాంటి సవరణే.

ఇదంతా పండితుల గొడవ, సామాన్యులకేం ఒరుగుతుందంటారా? రాస్న అనే ఆయుర్వేద మందు పేరుతో బెంగాల్‌లో వాండా వేర్లు వాడతారు, దక్షిణాదిలో దుంపరాష్ట్రం వాడతారు, ఆయుర్వేద ఫార్మకోపియా మాత్రం ప్లూకియా లాన్సియోలాటాను గుర్తించింది. ఒకటి ఆర్కిడ్, ఒకటి అల్లం కుటుంబం, మరొకటి చామంతి కుటుంబం. కషాయం తాగే రోగికి ఈ తేడా తెలియకపోతే ఎలా?

వాండాను చెట్టును పీల్చేసే బదనిక అనుకుని, దాన్ని కాపాడటం దేనికన్నది ఇంకో అభ్యంతరం. ఇక్కడా గుర్తుపట్టడంలోనే పొరపాటు. బదనిక కొమ్మలోకి చొచ్చుకుపోయి నీటిని లాగుతుంది. వాండా లావుపాటి వేర్లు బెరడును పట్టుకుని పైపైనే ఉంటాయి. ఎండలో బూడిద తెలుపుగా ఉండే ఆ వేర్లు వాన తడికి ఆకుపచ్చగా మారతాయి. పట్టీల్లాంటి ఆకులు రెండు వరుసల్లో ఉంటాయి, వాటి కొనలు కొరికినట్లుంటాయి. ఇంత స్పష్టమైన తేడాను చెట్టు కింద నిలబడి ఎవరైనా పట్టుకోవచ్చు. బిట్రగుంట లాంటి కోస్తా ఊళ్లలో రోడ్డుకోసమో కట్టడంకోసమో పాత చింతలు, మామిళ్లు కొట్టే ముందు జాతి, చుట్టుకొలత రాసుకుంటారు. కొమ్మల మీద ఏమున్నాయో రాయడానికి ఆ పట్టికలో మరో గడి చేర్చాలి. వాండా కనబడితే కొమ్మతో సహా దించి, దగ్గర్లోని మరో చెట్టుకు కట్టించాలి. ఆ ఖర్చు కూడా పని అంచనాలోనే వేయాలి.