పలకాకు పేరు ఎవరికి గుర్తుంది?

గైబీ నగర్‌లో సాంచెల షెడ్ల గోడల వెంబడి, మోరీల పక్కన గడ్డి చామంతి ఎప్పుడు చూసినా పూసే ఉంటుంది. సన్నటి పొడుగాటి కాడ, పసుపు పువ్వు, అంచున తెల్లని రేకులు. దాని పేరేమిటని మన పిల్లల్ని అడిగి చూడండి. మరాఠీ స్నేహితుల దగ్గర విన్న 'ఏకదాండీ' అంటారు, లేదంటే ఉత్త గడ్డి అంటారు. 'పలకాకు' అనేవాళ్లు బహు తక్కువ. ఊళ్లో మనం పలక తుడిచింది ఆ ఆకుతోనే కదా! దెబ్బ తగిలితే పిండుకున్నదీ దాని పసరే.

అంతరించే మొక్కల పాఠం రాగానే మన చూపు దూరం పోతుంది. తాలియెర తాటి సంగతి చూడండి. శ్రీతాళానికి దగ్గరి చుట్టం. మన సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కల్ని పరిశీలించి, 1793లో కలకత్తా వెళ్లిన రాక్స్‌బర్గ్ దానికి శాస్త్రనామం పెట్టాడు. అది దశాబ్దాలు పెరిగి, ఒక్కసారే పూసి, కాయలు రాల్చి చచ్చిపోతుంది. శాంతినికేతన్ దగ్గర, పెంచకుండా తనంతట తాను పెరిగిన చివరి చెట్టు 1979లో పూతకొచ్చింది. ఆ వింత పూతను చూసి దయ్యపు చెట్టని భయపడ్డ ఊరివాళ్లు కాయ పండకముందే నరికేశారు. ఢాకా విశ్వవిద్యాలయంలోని చెట్టు 2008లో పూశాక, దాని విత్తనాలు మొలిపించారు గనక కొంత ఆశ మిగిలింది.

గడ్డి చామంతికి ఆ బెంగ లేదు. అమెరికా ఉష్ణ ప్రాంతాల నుంచి వచ్చిన పరాయి మొక్క అది. గింజకు దూదిపింజ లాంటి కుచ్చు ఉంటుంది, గాలి ఎటు తోస్తే అటు పోయి మొలుస్తుంది. తాలియెర అడవిలో లేకపోయినా దాని పేరు పుస్తకాల్లో పదిలం. పలకాకు వీధి వీధినా ఉంది, పేరే పోతోంది.

టీచర్లు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పాలని నా కోరిక. తాటికి బొమ్మ చాలు. గడ్డి చామంతి కోసం తరగతిని పది నిమిషాలు బయటికి తీసుకుపోవాలి, పేరు మాత్రం పిల్లలే ఇంటినుంచి తేవాలి. కరీంనగర్ అవ్వ ఒకటి, నల్లగొండ అవ్వ ఇంకొకటి చెప్పొచ్చు. రెండూ రాసుకోనివ్వండి, ఏదీ తప్పని కొట్టేయకండి.

పరీక్షలో ఈ పేర్లు రావు కదా అని తల్లిదండ్రులు అంటారు. నిజమే, రావు. ఇంగ్లిషు పేరు, మరాఠీ పేరు కూడా నేర్చుకోనివ్వండి, అవి ఎప్పుడైనా దొరుకుతాయి. తెలుగు పేరు చెప్పే అవ్వ ఎన్నాళ్లో ఉండదు. రాత్రి పాళీ దిగి వచ్చిన నాన్నకు కూడా ఆ పేరు తెలిసే ఉంటుంది, నిద్రకు ముందే అడగాలి.