భవనమునకు ఎంత తెలివి వలయును?

ఇటుకకును సున్నమునకును తెలివి లేదనియు, ఉన్న తెలివి యంతయు వానిని పేర్చిన స్థపతిదే యనియు మన పూర్వులు తలంచిరి. నేటి కార్యాలయ భవనమో, వెలుతురును తానే కొలుచుచు, ఉష్ణోగ్రతను గమనించుచు, మనుష్యుల రాకపోకలను గుర్తించుచు, తదనుగుణముగ దీపముల వెలిగించుచు నార్పుచు, ప్రాణమున్న దానివలె మెలగుచున్నది.

ఇట్టివానిలో జగత్ప్రసిద్ధమైనది ఆమ్‌స్టర్‌డాం నగరమున 2014లో పూర్తియైన ‘ది ఎడ్జ్’. సుమారు 28,000 సెన్సార్లు దాని నాడీమండలము. దక్షిణపు గోడపై సౌరఫలకములు, వాననీటిని మరుగుదొడ్లకు మళ్లించు కాలువలు, వేసవి వేడిమిని భూగర్భజలమున దాచి శీతకాలమున తోడుకొను యుక్తి దానికి కలవు. జనము లేని గదిలో దీపము వెలుగదు.

అంత దూరము పోనేల? హైదరాబాదు చెంత పోచారమున ఇన్ఫోసిస్ సంస్థ ఒక భవనమును రెండు సమాన భాగములుగ నిర్మించి, ఒకదానిని వాడుకలోనున్న ఏసీ పద్ధతిని, రెండవదానిని కప్పులో పొదిగిన గొట్టముల గుండ చల్లని నీటిని పారించు పద్ధతిని చల్లబరచి, రెంటి ఖర్చును వేర్వేరుగ కొలిచి చూడగా, రెండవ భాగమున శీతలీకరణమునకైన విద్యుత్తు సుమారు 34 శాతము తక్కువని తేలినది. ఇచట నేను గౌరవించునది ఆ గొట్టములకన్న ఆ కొలతను. కొలిచినది నీటిని, వేడిమిని, విద్యుత్తును. పొదుపు ఎంతో తేలుటకు ఏ యుద్యోగి పేరును అక్కరపడలేదు.

వస్తువులను కొలుచుటకును మనుష్యులను కొలుచుటకును గల ఈ భేదమునే మనము మరువరాదు. దీపము నార్పుటకై అమర్చిన సెన్సారును, ద్వారమున చూపు కార్డును, చేతిలోని యాప్‌ను జతపరచినచో, ఎవరు ఎచట ఎంతసేపు కూర్చుండిరో, ఎన్నిమారులు లేచిరో పొల్లుపోక వ్రాసియుంచు వేగులవాడు సిద్ధమగును. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టున తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డేటా రక్షణకు చట్టము చేసినది. ఐనను, ఉద్యోగ సంబంధమైన కొన్ని యవసరములకు ఉద్యోగి సమ్మతి లేకయే అతని వివరములను వాడుకొను వెసులుబాటు ఆ చట్టముననే కలదు. సమ్మతి అడిగినను, తనకు అన్నము పెట్టు కొలువులో వలదని చెప్పగల ధైర్యము ఎందరికుండును?

ఈ కుర్చీలో మనిషి యున్నాడని భవనము ఎరిగిన చాలును. ఆ మనిషి ఎవరో ఎరుగనక్కరలేదు. కావున హైదరాబాదునను, విశాఖపట్నమునను నూతన కార్యాలయములు కట్టించు యజమానులకు నా మనవి యొక్కటే: సెన్సార్లు తలలను లెక్కించవలయునే కాని పేర్లను వ్రాసికొనరాదనియు, అవి ఏమి గ్రహించుచున్నవో ప్రతి ఉద్యోగికి ముందే తెలుపవలయుననియు పునాదిరాయి పడకమునుపే ఒప్పందమున వ్రాయించుడు.